మైకు ఆపింది నా భార్య

పోయిన నెల మదురైలో మా తెలుగువాళ్ల సంఘం నాకు శాలువా కప్పింది. "మన జనానికి లోకంలోని గొప్ప సినిమాలు చూడటం నేర్పిన మనిషి" అని తమిళంలో ఒకసారి, తెలుగులో ఒకసారి చెప్పారు. నేను చేతులు జోడించి నిలబడ్డాను. కింద కూర్చున్న నా భార్య అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది. తిరుగు బస్సెక్కగానే ఆ శాలువాను సంచి అడుక్కి తోసేశాను. ఎందుకంటే జరిగింది వేరు.

మా ఊరు అన్నూరులో మా వాళ్ల కల్యాణమండపం ఉంది. ముహూర్తాలు లేని ఆదివారాల్లో అక్కడ పరదేశపు సినిమాలు వేస్తానని అడిగాను. మండపం చూసుకునే పెద్దాయన ఒకే షరతు పెట్టాడు.

"సగంలో జనం లేచిపోయినారంటే మళ్ళీ తాళం అడగగూడదు."

నేను ఎంచుకున్న సినిమాలో పాటల్లేవు, ఫైట్లు లేవు. మంచుదేశంలో ఓ ముసలి అన్నా, చెల్లెలూ తమ చేల మధ్య కూలిన రాతిగోడను మళ్ళీ కడుతుంటారు. అంతే. మాటలకు కింద ఇంగ్లీషు పడుతుంది. మా పెద్దవాళ్ళకు అది రాదు. తెలుగు ఇంట్లో మాట్లాడతారు గానీ బళ్ళో చదివింది తమిళం. అందుకని మాటలన్నీ తెలుగు చేసి మైకులో చదవాలనుకున్నాను. నాది నడివయసులో పట్టుబట్టి నేర్చుకున్న పుస్తకాల తెలుగు.

"ఇట్ల చదివితే ఎవరికీ ఎక్కదు" అని నా భార్య ముందే చెప్పింది. "నీకేం తెలుసు, ఇది కళ" అన్నాను.

"సోదరీ, ఈ శిలను ఇచ్చట ఉంచుము" అని గంభీరంగా మొదలుపెట్టాను. కాసేపటికే కుర్చీలు కిర్రుమన్నాయి. ముందువరసలో, నన్ను అల్లుడి వరస పెట్టి పిలిచే ఒక తాత, "ఏం మాప్ళే, రేడియోలో వార్తలా?" అన్నాడు. మండపమంతా నవ్వు. వెనక ఇద్దరు లేచారు. పెద్దాయన తాళం ఆడిస్తూ తలుపు దగ్గరికి నడిచాడు.

"ఇటు తా మామా" అని నా భార్య మైకు లాక్కుంది. ఇంట్లో నాతో ఆ సినిమా ఎన్నిసార్లు చూసిందో.

"ఈ రాయి ఆడ పెడదామా అని చెల్లిని అడగతా ఉండాడు. ఆమె పలకదు. కోపం. పండక్కి పిలవలేదంట."

"అట్లయితే న్యాయమే" అంది ఓ అత్త. లేచిన ఇద్దరూ గోడకానుకుని నిలబడిపోయారు.

తర్వాత అన్న చనిపోతాడు. చెల్లెలు ఆఖరి రాయి పట్టుకుని గోడముందు నిలబడుతుంది. మాటలేదు, సంగీతం లేదు, గాలి ఒక్కటే. ఆ దృశ్యం ఎంతకీ అవదు. నా భార్య మైకు ఆపేసింది.

నాకు కంగారు పుట్టింది. "ఏదన్నా చెప్పు, లేచిపోతారు."

"చూడనీ."

ఎవరూ కదల్లేదు. ఆ దృశ్యం గురించి ఆమెకు ఇంట్లో ఎన్ని ఉపన్యాసాలిచ్చానో! నోరు మూసుకుని చూడటం నాకూ అదే మొదటిసారి. చివరికి ఒక అవ్వ ఉండబట్టలేక, "పెట్టెయ్యి తల్లీ, పెట్టెయ్యి" అంది. తెరమీద రాయి గోడలో కూర్చుంది. ఆ మండపంలో పెళ్ళిమేళం కూడా ఆ చప్పట్లంత మోగి ఉండదు.

పెద్దాయన వచ్చి తాళం నా భార్య చేతిలో పెట్టాడు.

"మళ్ళీ ఏం సినిమా పాపా?"

"ఉత్త రంగులే చిన్నాయనా. కథే లేదు."

"కథ లేకుంటే?"

"చూస్తాం."

అందరూ వచ్చారు, చూశారు. ఇప్పటికీ వస్తున్నారు.

మదురై నుంచి వచ్చాక శాలువా తీసి, ఇది నీది అన్నాను. విప్పి వెలుతురుకు పట్టి చూసింది.

"మందంగానే ఉండాది. మండపంలో పడమటి కిటికీకి కొట్టు మామా, ఎండ తెరమీద పడతా ఉండాది."

కొట్టాను. పోయిన ఆదివారం మండపంలో నిలబడటానికి చోటు లేదు. తెరమీద మాత్రం చుక్క ఎండ పడలేదు.