కత్తిపీట ముందు ఉపన్యాసం

నిన్న ఉదయం మా మధురవాడ అపార్టుమెంటులో, పక్కింటి వంటింట్లోంచి కత్తిపీట మీద ఆనపకాయ తరుగుతున్న చప్పుడు వినిపించింది. కత్తిపీట వాడేవాళ్ళు ఇంకా ఉన్నారన్నమాట! కాఫీ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడి విన్నాను. పదో తరగతిలో ఆ చప్పుడంటే నాకెంత భయమో, అది ఒక్కసారి ఆగితే చాలని ఎంతమంది దేవుళ్ళకు మొక్కానో చెబితే నవ్వుతారు.

డెబ్భైల చివర్లో మాకు తెలుగు చెప్పిన సత్యవతి టీచరు గోదావరి జిల్లా మనిషి. భర్తకు పోర్టులో ఉద్యోగం, సీతమ్మధారలో కాపురం. పిల్లలకు ఉపన్యాసాలు నేర్పడమంటే ఆవిడకు పిచ్చి. పద్ధతి మాత్రం ఎక్కడా లేనిది. ఉపన్యాసం రాసుకుని ఆదివారం వాళ్ళింటికి వెళ్ళి, వరండాలో కూరలు తరుగుతున్న వాళ్ళ అత్తగారి ముందు నిలబడి చెప్పాలి. "వినండి" అని అడగకూడదు. గొంతు చించుకోకూడదు. ఆ ముసలావిడ చెయ్యి ఆగితే నెగ్గినట్టు.

"చప్పట్లదేవుందే, మొహమాటానికైనా కొడతారు. పనిలో ఉన్న చెయ్యి మొహమాటానికి ఆగదు," అనేవారు టీచరు.

ఆ ఏడు నాకు ఉపన్యాసం పోటీ కోసం కాదు, నా చదువు కోసమే కావలసివచ్చింది. మా పేట దగ్గర బస్సు ఆగేది కాదు. ఖనిజం మోసే లారీల పక్కన రెండు మైళ్ళు నడిచి బడికి వెళ్ళేవాళ్ళం. ఒకరోజు మాతో వచ్చే పిల్ల మోచేతిని లారీ రాసుకుపోయింది. ఆ సాయంత్రమే మా నాన్న తేల్చి చెప్పేశాడు. "బస్సు ఆగితే సదువు. నేదంటే ఇంటికాడుండు. రోజూ నీ ఎనకాల నాను రాలేను."

టీచరుకు చెప్పి ఏడ్చాను. "డిపో మేనేజర్ని అడుగుదాం. మాట్లాడేది మాత్రం నువ్వే," అన్నారు.

ఆ ఆదివారం వరండాలో నిలబడి స్త్రీ విద్య మీద నాలుగు పేజీలు దంచాను. అత్తగారు ఆనపకాయ ముగించి బెండకాయలు మొదలుపెట్టారు. చివరికి, "గొంతు బాగానే ఉంది గానీ పిల్లా, నీ లంగా అంచుకి ఆ ఎర్రమన్నేవిటే?" అన్నారు. లారీల్లోంచి రాలే ఖనిజం ధూళి అనీ, ఎంత ఉతికినా పోదనీ, లారీ వచ్చినప్పుడల్లా ఒకళ్ళ చెయ్యి ఒకళ్ళం పట్టుకుని గోడకు అంటుకుపోతామనీ చెప్పాను. చప్పుడు ఆగిపోయింది. టీచరు నా నాలుగు పేజీలూ పొయ్యి రాజేయడానికి అత్తగారికిచ్చేసి, "ఇప్పుడు చెప్పావే, అది రాయి," అన్నారు.

మర్నాడు డిపోకు వెళ్ళాం. మేనేజరు మర్యాదస్తుడు. నేను ఎర్రమన్ను మాట ఎత్తానో లేదో, కలం కింద పెట్టి నావంక చూశారు. చెయ్యి ఆగింది! ఇంకేం, నెగ్గేశాననుకుని, దండం పెట్టి కూర్చున్నాను. టీచరు రెండుసార్లు దగ్గారు.

"ఇంతకీ మీకేం కావాలమ్మా?" అన్నారు మేనేజరు.

రాసుకున్నదంతా ఎగిరిపోయింది. లేచి నిలబడ్డాను. "మా పేట కాడ బస్సాపాల సార్. ఆపకపోతే మా నాన్న నన్ను సదువు మానిపించేత్తాడు. నాకు సదువుకోవాలనుంది," అనేసరికి ఏడుపు తన్నుకొచ్చింది.

"పొద్దున ఎన్నింటికి?" అంటూ ఆయన మళ్ళీ కలం అందుకున్నారు.

తిరిగి వస్తున్నప్పుడు టీచరు దారంతా నవ్వుతూనే ఉన్నారు. "తప్పు నాదేనే. చెయ్యి ఆపడం నేర్పాను. ఆగిన చేతికి ఏం పని చెప్పాలో నేర్పడం మర్చిపోయాను!"

వారం తిరక్కుండా బస్సు ఆగింది. మా నాన్న రోడ్డు దాకా వచ్చి, నేను ఎక్కి కూర్చునేదాకా చూసి వెళ్ళాడు. ఆ బస్సే నన్ను కాలేజీకి, తరువాత పంతులమ్మ ఉద్యోగానికి చేర్చింది. ఇప్పటికీ ఉపన్యాసం నేర్పమని పిల్లలు వస్తుంటారు. కాగితం పైన ముందు ఒక్క ముక్క రాయమంటాను, తమకేం కావాలో. చాలామంది అక్కడే ఆగిపోయి కలం నములుతారు. నేను తొందరపెట్టను. ఆ ముక్క నాకూ ఏడిస్తేగాని దొరకలేదు.