బీరువాలోంచి వచ్చిన మామ

ఇప్పుడు మా ఊరు బాన్సువాడ బస్టాండులో దిగితే నా ఉద్యోగం గురించి నేనే నలుగురికీ చెప్పుకుంటాను గానీ, హైదరాబాదులో కొత్తగా పనిలో చేరినప్పుడు ఇంట్లోవాళ్ళకు చెప్పడానికే నోరు పెగిలేది కాదు. 'పెద్ద హోటల్లో పని' అన్నాను (అబద్ధమేమీ కాదు, పై అంతస్తులో హోటలే ఉండేది). నిజానికి నాది కాక్‌టెయిల్ బారు. అదీ దాచిపెట్టిన బారు. బయట బోర్డు ఉండదు. దర్జీ దుకాణంలా కనిపించే చిన్న గదిలోకి వెళ్ళి ఆ రోజు రహస్యపు మాట చెబితే బీరువా తలుపు తీస్తారు, దాని వెనకే బారు. వెనకటికి అమెరికాలో మద్యం నిషేధించిన రోజుల్లో ఇలా దొంగచాటుగా తాగేవారట. ఆ సరదా కోసమే జనం వచ్చేవారు. అక్కడ పాతకాలపు మందులు కలపడంలో నా చెయ్యి మంచిదని పేరు పడింది. ఆ పేరు చూసుకుని నా కాళ్ళు నేలమీద నిలిచేవి కావు.

సంగతి ఎలాగో అమ్మ చెవిన పడింది. వెంటనే తన తమ్ముణ్ణి, అంటే మా మేనమామను, పంపింది. నస్రుల్లాబాద్ దగ్గర ఈత చెట్లెక్కి కల్లు గీసే మనిషి ఆయన. పని మంచిదైతే సరే, కాకపోతే నన్ను వెంటబెట్టుకుని రావాలని అమ్మ ఆజ్ఞ. మామ మాటకు మా ఇంట్లో తిరుగులేదు కాబట్టి నా ఉద్యోగం ఆయన నోట్లో ఉందన్నమాట. భయపడాల్సింది పోయి, నా పనితనం చూసి మామ మురిసిపోతాడని నేనే ముందుగా మురిసిపోయాను. సాయంత్రం బారు తెరవగానే రమ్మన్నాను.

మామ బీరువాలోంచి తల వంచి లోపలికి వచ్చాడు. చుట్టూ చూసి, నా దగ్గరికి జరిగి గొంతు తగ్గించాడు.

"అల్లుడా, గుడుంబా అమ్ముతుండ్రా?"

"లేదు మామ, లైసెన్స్ ఉన్నది."

"లైసెన్స్ ఉంటే దాసుకునుడేంది? మన కల్లు దుకాణం రోడ్డు మీదనే ఉంటది గదా. ఆబ్కారోళ్ళ ఫికర్ లేనోడు బీరువా ఎనుక ఎందుకు కూసుంటడు?"

మా మేనేజరు గోడకున్న లైసెన్సు చూపిస్తే, మామ దాని ముద్రను దగ్గరగా పరికించి అప్పుడు కూర్చున్నాడు. ఇక నా ప్రతాపం చూపే వేళ వచ్చింది. విస్కీలో చక్కెర, కాస్త చేదు చుక్కలు కలిపి, పెద్ద మంచుగడ్డ వేసి, నారింజ తొక్క పిండి ఆయన ముందు పెట్టాను.

"దీన్ని ఓల్డ్ ఫ్యాషన్డ్ అంటరు మామ. అంటే పాతకాలపుది. మా దగ్గర గిదే మషూర్."

మామ గ్లాసును వెనక్కి నెట్టాడు. "పాతది పులుస్తది గదరా. సొంత మామకు పాతది పోస్తవా? ఇయ్యాల దింపింది పొయ్యి."

పేరే పాతది, కలిపింది ఇప్పుడేనని ఒప్పించేసరికి మంచు సగం కరిగింది. మామ గ్లాసు ఎత్తి, కళ్ళు మూసుకుని, నిగనిగలాడే చెక్క నేలమీద కొన్ని చుక్కలు ఒంపాడు. పాపం మందు ఒలికిందనుకుని మేనేజరు గుడ్డ పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

"ఒలకలేదు సార్, సాక పోసిండు," అన్నాను, బారంతా వినబడేలా. "మా బాన్సువాడ దిక్కు ఎల్లమ్మ తల్లికి పొయ్యకుండ తాగరు."

మేనేజరు గుడ్డ పట్టుకుని అలాగే నిలబడ్డాడు. మామ నావైపు తిరిగాడు.

"మరి నువ్వు పోస్తున్నవా?"

"రోజు పోస్తున్న మామ. దుకాణం తెరవంగనే, కౌంటర్ కింద. ఎవలికి కనవడకుండ."

మామ ఒక గుక్క తాగాడు. బాగుందనీ అనలేదు, బాగోలేదనీ అనలేదు. "బోర్డు దాసుకోన్రి, తలుపు దాసుకోన్రి. గదొక్కటి దాయకు," అన్నాడు. తర్వాత అక్కడే కూర్చుని అమ్మకు ఫోన్ చేశాడు. "ఫికర్ చెయ్యకు అక్కా. పోరడు మన పనే చేస్తుండు."

ఆ తర్వాత పెద్దపెద్దవాళ్ళు నా చేతిని మెచ్చుకున్నారు గానీ, ఆ 'మన పనే' అన్న మాటకు పొంగినంతగా నా ఛాతీ మరెప్పుడూ పొంగలేదు. మర్నాటి నుంచి సాక అందరి ముందే పోస్తున్నాను. ఈ మధ్య కొత్తగా వచ్చినవాళ్ళు అదీ బారు తమాషాలో భాగమనుకుని, "అన్నా, వీడియో సరిగ్గా రాలే, ఇంకోసారి పొయ్యవా?" అంటున్నారు. తల్లికి రెండోసారి పోస్తే తప్పేముందని, జుట్టు నెరిసిన ఈ పెద్దమనిషి (నేనే), కాలరు సర్దుకుని మరీ పోస్తున్నాడు.