గడ్డిబొమ్మను కాల్చాక వచ్చిన అయ్య

మొదటి ప్రపంచ యుద్ధం మా రంగూను మీద పడలేదు. మనుషుల్ని మాత్రం పట్టుకుపోయింది. రేవు దగ్గర మేముండే పాత మేడలో అన్నీ విశాఖపట్నం, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన మూటలు మోసే కుటుంబాలే. అందులో సగం మంది మగవాళ్లు యుద్ధం జరిగే అరబ్బు దేశంలో, బస్రా రేవులో మోతకని ఓడెక్కేశారు. మా అయ్య కూడా ఎక్కాడు.

యుద్ధం ముగిశాక ఒక్కొక్కరే తిరిగొచ్చారు. మండే ఎండలో కూడా ఖాకీ కోట్లు విప్పకుండా తిరిగేవారు. ఊరు కుదుటపడుతోందని అందరూ అనేవారు. బియ్యం ఓడలు మళ్లీ బారులు తీరాయి, బజారులో గుడ్డ దొరకసాగింది. మా గదిలో మాత్రం ఏదీ కుదుటపడలేదు. అయ్యతో కలిసి వెళ్లిన ఒకాయన వచ్చి, అయ్య జ్వరంతో డేరా ఆసుపత్రిలో పడ్డాడనీ, ఆ డేరాలోకి పోయినవాళ్లు బయటికి రావడం తాను చూడలేదనీ చెప్పాడు. చాలాకాలం ఎదురుచూశాక మా కులపెద్ద ఇక చాలన్నాడు. శవం లేదు కాబట్టి వరిగడ్డితో బొమ్మ చేసి, దానికి అయ్య పంచె చుట్టి, ఏటి ఒడ్డున కాల్చారు. అమ్మ గాజులు పగలగొట్టి, పుస్తె తీసేశారు. దినాలు కాగానే అమ్మ బియ్యం మిల్లులో నూకలు చెరిగే పనికి పోయింది.

వానలు వెనకబట్టాక ఒక మధ్యాహ్నం అయ్య మెట్లెక్కి వచ్చాడు.

నేను ఎగిరి గంతేసి ఉంటాననుకుంటారు. లేదు. చచ్చేంత భయం వేసి అమ్మ వెనక దాక్కున్నాను. ఆ బొమ్మ కాలడం నా కళ్లతో చూశాను మరి. ఈలోగా కులపెద్ద పరుగున వచ్చి గడప దగ్గరే ఆయన్ని ఆపేశాడు.

"నీకు కర్మైపోనాదిరా. ఇలాగే లోనకెల్తే ఇల్లు నిలవదు. మళ్లీ పుట్టాల, పేరెట్టాల, మళ్లీ పుస్తె కట్టాల. అమాస ఎల్లనీ, సేద్దాం. అప్పుడుదాకా బైటే ఉండు."

అయ్య మెట్ల మలుపులో చాప వేసుకున్నాడు. అమ్మ తలుపు పట్టుకుని అంతా వింది. పుస్తె మళ్లీ కట్టాలంటే ఆడమనిషిని పదిమందిలో అడిగి, ఆవిడ నోటితో ఒప్పుకోవాలి. అది మావాళ్ల కట్టుబాటు. అందుకే అందరూ అమ్మ నోటి వంక చూస్తూ కూర్చున్నారు.

అన్నం పట్టుకెళ్లడం నా పని. అయ్య రోజూ ఒకే మాట అడిగేవాడు.

"మీ యమ్మ ఏటంది?"

"ఏటీ అన్లేదు."

ఒకనాడు ముద్ద చేతిలోనే పెట్టుకుని, "అది ఒద్దంటే నాకిక్కడ పనేటుందే గుంటా? ఇసాపట్నం ఓడెక్కీసి ఎల్లిపోతాను" అన్నాడు.

ఇక నాకు తిండి సయించలేదు. రేవులో ఓడ కూస్తే చాలు, మెట్ల మలుపుకు పరిగెత్తేదాన్ని. చాప ఉందా, మనిషి ఉన్నాడా! ఉంటే, ఏదో పని ఉన్నట్టు కిందికి దిగి వచ్చేదాన్ని. మెట్ల కింద మొహింగా అనే చేపపులుసు సేమ్యా అమ్మే బర్మా ఆవిడ, వాళ్ల భాషలో అత్త అని మేం అడో అని పిలిచేవాళ్లం, అయ్యకు తన గిన్నెలోనే వేడివేడిగా పోసి ఇచ్చేది. ఆవిడ ఆయన్ని కాల్చలేదు కదా, ఆవిడకి ఏ పట్టింపూ లేదు. మావాళ్ల మీద నాకు ఒళ్లు మండిపోయేది.

చివరికి ఉండబట్టలేక అడిగేశాను. "అమ్మా, ఒప్పుకుంటావా?"

"రాళ్లు ఏరు" అంటూ బియ్యం చేట నా ముందుకు తోసింది.

అమావాస్య వెళ్లింది. అయ్యకు తలంటి, కొత్త పంచె కట్టించారు. పుట్టిన బిడ్డను చేటలో పడుకోబెడతారు కానీ, అంత మనిషి చేటలో ఎక్కడ పడతాడు? పాదాలు మాత్రం పెట్టించారు. నాలిక మీద తేనె రాశారు. ఒక ముసలామె చెవిలో కొత్త పేరు చెప్పింది. పిల్లలంతా నవ్వారు. నాకు నవ్వు రాలేదు. అప్పుడు కులపెద్ద పసుపుతాడు పైకెత్తి అమ్మను అడిగాడు.

"ఏటే అమ్మా, నీకిష్టమేనా?"

అమ్మ ఎంతసేపటికీ తలెత్తలేదు. అయ్య ద్వారం వైపు చూస్తున్నాడు.

"పెద్దయ్యా, ఈ మనిషి కోసం ఏడవాల్సిందంతా ఏడ్సీసినాను" అంది అమ్మ. "నాకాడ ఇంక ఏడుపు నేదు. మళ్లీ ఓడెక్కితే నేనేడవనేను. ఆ మాట ఇనుకుని కట్టమనండి."

అయ్య ముఖం ముడుచుకుపోయింది. అయినా లేచి వచ్చి, అమ్మ వెనక నిలబడి, ఒక ముడి వేశాడు. రెండోది వేశాడు. మూడోది పడలేదు. తాడు వేళ్లలోంచి జారిపోతోంది. మళ్లీ పట్టుకున్నాడు, మళ్లీ జారింది. జనం గుసగుసలు మొదలుపెట్టారు.

అమ్మ తల తిప్పకుండానే రెండు చేతులూ మెడ వెనక్కి పెట్టి, ఆయన వేళ్లను పక్కకు జరిపి, మూడో ముడి తనే వేసుకుంది.