అంచులు పట్టుకున్న పిల్ల

మా ఆయన తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యారు. ఉద్యోగమంతా కొట్లలో తక్కెళ్ళు ఎత్తి చూడటం, తూకపు రాళ్ళ అడుగున గోటితో గీకడం. మోసం ఉండే ఉంటుందన్న నమ్మకంతోనే కొట్టు మెట్లెక్కేవారు. సగంసార్లు ఉండేది కూడా. అందుకే అందరూ ఆయన్ని తక్కెడాయన అంటారు. నేను ఎదురుగా అననుగానీ, ఆ పేరు పెట్టినవాడి నోట్లో పంచదార పొయ్యాలి.

ఆయనకున్న ఒకే ఒక్క సరదా పాత నాణేలు. పాతవంటే మా తాతల నాటివి కావు, రాజులూ రాజ్యాలూ మట్టిలో కలిసిపోయాక మిగిలినవి. ఎవరైనా చూస్తామంటే చూపిస్తారు, చూపించినంతసేపూ వాళ్ళ వేళ్ళ వంకే చూస్తారు. వాళ్ళు గడప దాటేలోపు ఒక్కోదాన్నీ చిన్న త్రాసులో వేసి, తూకం సరిపోయిందని తేలాకే పెట్టెలో పెడతారు. అసలుది కొట్టేసి నకిలీది పెట్టేవాళ్ళుంటారట. దాంతో చుట్టాలు ఆ ఊసే ఎత్తడం మానేశారు. ఈయనకేమో తన నాణేలను ఇష్టంగా చూసే మనిషి ఒక్కరైనా కావాలని ప్రాణం కొట్టుకుంటుంది. అనుమానమూ కావాలి, తోడూ కావాలి. రెండు కత్తులు ఒక ఒరలో ఇముడుతాయా?

ఇలా ఉండగా మా అబ్బాయి తను చేసుకోబోయే పిల్లను ఇంటికి తీసుకొచ్చాడు.

"పాత నాణేలున్నాయటగదండీ, చూడొచ్చా?" అని ఆ పిల్లే అడిగింది. ఆయన మొహం వెలిగిపోయింది. బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, సింహం బొమ్మ ఉన్న వెండి నాణెం చేతికిచ్చారు. ఆ పిల్ల దాన్ని రెండు వేళ్ళతో, అంచులు మాత్రమే పట్టుకుని లైటు కింద తిప్పింది.

"జూలు వెంట్రుకలు కూడా విడివిడిగా చెక్కారండీ," అంది.

ఆయన మొహం మాడిపోయింది. నన్ను వంటింట్లోకి లాక్కెళ్ళారు.

"చూశావా, అంచులు పట్టుకుంది."

"పట్టుకుంటే?"

"తెలియనివాళ్ళు అరచేతిలో వేసుకుని రుద్దుతారు. ఈ పిల్లకెవరు నేర్పారు? నాణేల వ్యాపారి ఎవడో పంపించి ఉంటాడు."

"మన అబ్బాయిని ప్రేమించమని కూడా వాడే పంపించాడా?"

"నీకన్నీ వేళాకోళమే," అని విసుక్కుని వెళ్ళిపోయారు.

పిల్లలిద్దరూ వెళ్ళడానికి లేచారు. ఈయన త్రాసు తీశారు. ఆ నాణేనికి సరిపడా రాళ్ళు ఒక పళ్ళెంలో ఉన్నాయి. నాణెం వేసిన పళ్ళెం పైకి లేచింది. తూకం తగ్గింది.

"అమ్మాయ్, ఒక్కసారి నీ బ్యాగు తెరువు."

"నాన్నా," అన్నాడు మా అబ్బాయి. సిగ్గుతో నా తల వాలిపోయింది. ఆ పిల్ల బ్యాగును బల్ల మీద బోర్లించింది. దువ్వెన, తాళాలు, సగం తిన్న బిస్కెట్ల ప్యాకెట్టు, ఒక సన్నటి స్క్రూడ్రైవరు.

"ఇదెందుకు?" అన్నారాయన.

"కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు బిగిస్తానండీ. అద్దాన్ని అంచులే పట్టుకోవాలి, లేకపోతే మరకలు పడతాయి," అని ఆగి, "వంటింట్లో మాటలు ఇక్కడికి వినిపించాయి," అంది.

నేను గుడ్డ మడవబోయాను. దాని మీద చిటికెడు ఎర్రమట్టి ఉంది. నాణెం తిప్పినప్పుడు సింహం కాళ్ళ సందుల్లోంచి రాలినట్టుంది. కాగితంతో ఎత్తి నాణెం పక్కన పోశాను. రెండు పళ్ళాలూ సమానంగా నిలిచాయి. క్షమించమని నేనే అడిగాను. ఆయన ఆ మట్టి వంక చూస్తూ నిలబడిపోయారు.

పెళ్ళయింది. కోడలు మంచిది. నాతో కబుర్లు చెబుతుంది, మామగారికి కళ్ళజోడు తనే చేసి తెచ్చింది. ఆయన త్రాసును అటకెక్కించారు. అయినా నాణేల మాట ఆ అమ్మాయి ఎత్తదు, ఎత్తడానికి ఈయనకు మొహం చెల్లదు. నాకు ఆయన మీద కోపమూ వస్తుంది, జాలీ వేస్తుంది.

మొన్న ఆయనకు ఎన్నాళ్ళుగానో వెతుకుతున్న ఓడ బొమ్మ నాణెం దొరికింది. సంతోషం పట్టలేక, భోంచేసి చేతులు కడుక్కుని వస్తున్న కోడలికి ఎదురెళ్ళారు.

"చూడమ్మా, తెరచాప తాళ్ళు కూడా కనిపిస్తున్నాయి."

కోడలు చేతులు వెనక్కి పెట్టుకుని వంగి చూసింది. "బావుంది మామయ్యా."

"చేతిలోకి తీసుకో తల్లీ."

"వద్దు మామయ్యా, చేతులు తడిగా ఉన్నాయి."

అంతకుముందే తను తువ్వాలుతో తుడుచుకోవడం నేనూ చూశాను, ఆయనా చూశారు.