బెల్టు ఎవరు నడిపారు

1984 వర్షాకాలం ముగిశాక నన్ను విశాఖపట్నం రేవులో ఇనుప ఖనిజాన్ని ఓడలకు ఎత్తించే ఒక సంస్థలో సిస్టమ్స్ ఇంజనీరుగా వేశారు. మాది కృష్ణా జిల్లా. అంతకుముందు నేను పనిచేసిన కంప్యూటర్లు జీతాల లెక్కలకే పరిమితం. ఇక్కడి మినీకంప్యూటర్ లెక్కలతో పాటు, ఖనిజాన్ని మోసే కన్వేయర్ బెల్టులను కూడా నడిపేది. ఆపడానికైనా కదిలించడానికైనా కంట్రోల్ రూములోని టెర్మినల్ నుంచి ఆదేశం వెళ్లాలి.

చేరిన కొన్నాళ్లకే పాలిటెక్నిక్ పూర్తిచేసి ట్రెయినీలుగా వచ్చిన చిన్న బృందానికి పాఠాలు చెప్పే పని అప్పగించారు. మొదటి అంశం ఆపరేటింగ్ సిస్టమ్. పిల్లల్లో చాలామంది కంప్యూటర్‌ను అప్పుడే మొదటిసారి చూస్తున్నారు. ఆపరేటింగ్ సిస్టమ్ తనంతట తాను బెల్టు నడపదనీ జీతం కట్టదనీ, ఆ పనులు చేసే ప్రోగ్రాములకు ప్రాసెసర్ సమయాన్ని, మెమరీని, డిస్కును, ప్రింటరును పంచుతుందనీ, ఒకరి పనిలోకి మరొకరు చొరబడకుండా కాపలా కాస్తుందనీ చెప్పాను. ఎవరు ఏం చేయవచ్చో వారి ఖాతాను బట్టి నిర్ణయిస్తుందని కూడా చెప్పాను.

వెనక వరసలోంచి నూకరత్నం లేచింది. కూర్మన్నపాలెం దగ్గరి రైతు కుటుంబం ఆమెది. బృందంలో ఏకైక ఆడపిల్ల.

“మరి దాని మీద పెత్తనం ఎవలదండి?” అని అడిగింది.

సిస్టమ్ మేనేజర్ ఖాతా అని ఒకటి ఉంటుందనీ, ఆ పాస్‌వర్డుతో వచ్చిన ఆదేశాన్ని ఆపరేటింగ్ సిస్టమ్ అడ్డుకోదనీ జవాబిచ్చాను. ఆ పాస్‌వర్డు మా విభాగంలో ఉండాలి. కానీ ఓడ తొందరలో పని ఆగకూడదని పైఅధికారులు దాన్ని షిఫ్ట్ ఇన్‌ఛార్జిలకు కూడా ఇప్పించారు. అది మంచిది కాదని మేము రాతపూర్వకంగా చెప్పినా వినలేదు.

పాఠాల తర్వాత ట్రెయినీలను కంట్రోల్ రూములో ఒక్కొక్కరిగా కూర్చోబెట్టేవాళ్లం. నూకరత్నం వంతు వచ్చిన రోజు ఉదయం, ఒక బెల్టు కింద పేరుకున్న ఖనిజపు పొడిని తీయడానికి అప్పన్న అనే కాంట్రాక్టు కార్మికుడు దిగాడు. అలా మనిషి దిగినప్పుడు మెయింటెనెన్స్ వారు కంప్యూటర్‌లో ఆ బెల్టు మీద ‘హోల్డ్’ పెడతారు. దాన్ని పెట్టినవారే తీయాలి. అప్పటిదాకా మామూలు ఖాతా నుంచి ఎవరు కదిలించబోయినా కంప్యూటర్ ఒప్పుకోదు. బెల్టు పక్కన చేత్తో ఆపే స్విచ్ కూడా ఉండాలి గానీ, అది ఎప్పుడో పాడైతే బాగుచేయకుండా, అది లేకుండానే బెల్టు తిరిగేలా తీగలు కలిపేసి వదిలేశారు. ఇక బెల్టు కదిలేముందు మోగే సైరన్ సంగతంటారా, ఆ యార్డులో రోజంతా ఏదో ఒక సైరన్ మోగుతూనే ఉంటుంది. అది ఏ బెల్టుదో కిందున్న మనిషికి తెలియదు.

బెల్టు కదిలింది. అప్పన్న బెల్టు చివర తిరిగే డ్రమ్ముకు, బెల్టుకు మధ్య పడి చనిపోయాడు.

మేము యార్డులోకి పరుగెత్తే సరికే ‘సిస్టమ్ దానంతట అదే బెల్టు నడిపేసింది’ అన్న మాట అందరి నోటా ఉంది. ముందు ఎవరు అన్నారో తెలియదు. మరునాడు అప్పన్న భార్య తన అన్నగారిని వెంటబెట్టుకుని మా విభాగానికి వచ్చింది. గుమ్మం దగ్గరే నిలబడి, ఏసీ గదిలోని యంత్రాన్ని చాలాసేపు చూసింది.

“ఏటి బాబూ, మా ఆయన్ని సంపిన మిసనీ ఇదేనా?” అని అడిగింది.

నూకరత్నం ముందుకు వెళ్లి ఆమె చెయ్యి పట్టుకుంది.

“ఇది సంపనేదు, పిన్నీ,” అంది.

ఆమెను పంపించి వచ్చాక నూకరత్నం నా బల్ల ముందు నిలబడింది. “సారూ, ఇన్‌ఛార్జిగారు టైపు సేత్తంటే నాను పక్కనే ఉన్నాను. హోల్డ్ ఉందని స్క్రీన్ మీద వచ్చింది. నాను సదివి సెప్పాను కూడా. ‘ఓడ ఆగిపోద్ది, నువ్వూరుకో’ అన్నారు. మళ్లీ మేనేజర్ పాస్‌వర్డు కొట్టి నడిపీసినారు.”

ప్రమాదంపై సంస్థ జరిపే విచారణలో ఈ మాట చెబితే ఆమె ఉద్యోగానికి ఏం కావచ్చో దాచకుండా చెప్పాను. ఆమె ముఖం పాలిపోయింది. “మరి ఆవిడికి అలగ సెప్పీసి, ఆల్లకి ఇంకోలా ఎలా సెప్తానండి?” అంది.

విచారణ సంఘంలో ముగ్గురూ మా సంస్థ అధికారులే. నూకరత్నం చూసింది చూసినట్టు చెప్పింది. ట్రెయినీకి స్క్రీన్ మీది సందేశాలు ఏం అర్థమవుతాయని ఒకాయన అడిగారు. సార్ నేర్పించారని ఆమె అంది. తర్వాత నా వంతు. హోల్డ్‌ను దాటడం మేనేజర్ ఖాతాతో తప్ప సాధ్యం కాదని వివరించాను. అధ్యక్షుడు చివరగా, కంప్యూటర్‌లో లోపం వచ్చే అవకాశమే లేదంటారా అని అడిగారు. ఏ యంత్రం విషయంలోనూ అలా అనలేననీ, కానీ ఆ రోజు మాత్రం లోపం ఏదీ జరగలేదనీ చెప్పాను. నివేదికలో నా జవాబు మొదటి సగమే వచ్చింది. ప్రమాదానికి కారణం ‘సాంకేతిక లోపం’ అని తేల్చారు. అభ్యంతరం తెలుపుతూ నేను పైకి రాశాను. సమాధానం రాలేదు.

ఇన్‌ఛార్జిని మరో రేవుకు బదిలీ చేశారు. ఆయనకు అక్కడ ప్రమోషన్ కూడా వచ్చిందని తర్వాత విన్నాం. అప్పన్న కాంట్రాక్టు మనిషి కనుక అతని భార్యకు మా దగ్గర ఉద్యోగం ఇచ్చే నిబంధన లేదన్నారు. శిక్షణ ముగిశాక ట్రెయినీలందరినీ తీసుకున్నారు, నూకరత్నాన్ని తప్ప. ఆమె ప్రవర్తన సంతృప్తికరంగా లేదని కారణం చూపించారు. నేను వెళ్లి అడిగితే, అది సిబ్బంది విభాగం వ్యవహారం అన్నారు.

కొన్నేళ్ల తర్వాత గాజువాకలో ఒక టైపు ఇన్‌స్టిట్యూట్ ముందు ఆమె కనిపించింది. అక్కడే పాఠాలు చెబుతోంది. ఆ రోజు అలా చెప్పినందుకు ఎప్పుడైనా బాధపడ్డావా అని అడిగాను.

“బాధేనండి, ఎందుకుండదు? మా నాన్న ఏడాదిపాటు నాతో మాటాడనేదు. అయినా మళ్లీ అడిగితే అదే సెప్తాను. ఆ తర్వాత ఎవలూ అడగనేదు,” అంది. క్లాసుకు వేళైందని లోపలికి వెళ్లిపోయింది.

రిటైరయ్యేదాకా నేను కొత్తవాళ్లకు ఆపరేటింగ్ సిస్టమ్ గురించి చెబుతూనే వచ్చాను. ప్రాసెసర్, మెమరీ తర్వాత చెప్పేవాణ్ణి. ఎవరికి ఏ అధికారం ఉంది, ఎవరు దేన్ని దాటగలరు అన్న పాఠం ముందు చెప్పేవాణ్ణి. కంప్యూటర్ తప్పు చేసిందని ఎవరైనా అంటే, ఆ సమయంలో దానికి ఆదేశం ఇచ్చే అధికారం ఎవరి చేతిలో ఉందో మొదట అడగాలి. ఆ పేరు చెప్పకుండా ఇచ్చే సాంకేతిక వివరణను విచారణగా లెక్కించకూడదు.