బూజు

మూడేళ్లుగా ఒక మాట ఎవరికీ చెప్పకుండా దాచాను. నిన్న డిగ్రీ పాసయ్యాను. మా ఇంట్లో ఇదే మొదటి పట్టా! గంతులేశాను కూడా. తమిళుల ఊరైన ఈ మేట్టుపాళయంలో మా వీధంతా నాయన మైసూర్‌పాకు పంచాడు. పంచుతూ అందరితో ఒకటే మాట: "డాక్టరు ఇంగ్లీషును తెలుగు చేసి నన్ను బతికించింది మా అమ్మిణే."

అమ్మిణంటే నేనే, ఆయన కూతుర్ని. అది విని లోపలికి పోయాను. మీకైనా చెప్పాలి.

మూడేళ్ల కిందట నాయనకు కిడ్నీ మార్చారు. కొత్త కిడ్నీని ఒళ్లు తోసేయకుండా మందులిస్తారు. వాటితో రోగాన్ని ఆపే శక్తి తగ్గుతుంది. తడిసి కుళ్లిన చెత్తలో ఫంగస్ ఉంటుంది, దాని జోలికి పోనివ్వొద్దని డాక్టరు నాకు ఇంగ్లీషులో చెప్పాడు. నేను నాయనకు "బూజు దగ్గరికి పోవద్దంట" అన్నాను.

మా ఇంట్లో బూజంటే సాలెగూడే.

"సాలీడా నన్ను చంపేది? సరి, ఇంక చీపురు నీకే!" అని నవ్వాడు. నేనూ నవ్వాను. తప్పుగా అర్థం చేసుకున్నాడని ఆ క్షణమే తెలుసు. ఎందుకు దిద్దలేదు? దిద్దితే పెరట్లో ఎరువుకు వేసిన, తడిసి కుళ్లిన వక్క తొక్కల కుప్పను నేనే తిరగేయాలి. నాకు పరీక్షలు. కిటికీలోంచి ఆయన కుప్ప తిరగేయడం, కుళ్లులోంచి తెల్లటి పొడి లేవడం చూస్తూనే పుస్తకంలో పేజీ తిప్పాను.

నెల తిరిగేసరికి ఆయనకు జ్వరం, దగ్గు. కుళ్లిందేమైనా ముట్టాడా అని డాక్టరు అడిగాడు.

"లేదు" అని ఇంగ్లీషులోనే అన్నాను.

"ఏమంటాడు అమ్మిణీ?"

"ఏం లేదు నాయనా."

ఆ "లేదు" వల్ల మామూలు దగ్గు మందులతోనే రోజులు గడిచాయి. ఊపిరితిత్తుల్లో అరుదైన ఫంగస్ అని తేలేసరికి ఒక భాగం కోసి తీసేయాల్సి వచ్చింది. బతికాడు. మూడు మెట్లెక్కితే ఆగుతాడు.

భయపడ్డానా? లేక మంచి కూతురన్న పేరు పోతుందనా? రెండోదే అనుకుంటాను.

ఇంట్లో తెలుగే మాట్లాడినా నాయనకు తమిళమే చదవొస్తుంది. ఈ తెలుగు అక్షరాలు కాలేజీలో నేను పట్టుబట్టి నేర్చుకున్నవి. ఆయన చదవలేడనే వీటిలో రాయగలిగాను, ఇదీ పిరికితనమే.

నాయన ఇప్పుడే వచ్చి, ఊపిరి అందక నా కుర్చీ పట్టుకుని నిలబడి, నేను రాసిన కాగితం చూశాడు.

"నీ రాత జాంగిరి చుట్టినట్టుండాదే! పైన పెద్దగా రాసింది ఏమి?"

"బూజు, నాయనా."

తలెత్తి ఇంటి కప్పు వంక చూశాడు.