నలభై సెకన్ల దూరం

ఎదురింటి మామ పోయిన కబురు నాకు కృష్ణగిరిలో, మామిడి రైతుల సమావేశం నడుస్తుండగా అందింది. ఫోన్ చేసింది ఆయన కూతురు. "అన్నా, నాయన పోయినాడు. పొద్దున కాఫీ తాగి కుర్చీలో కూర్చున్నాడు, అంతే. నువ్వు వచ్చెయ్యల్ల" అంది. హోసూరు బస్సు ఎక్కాను. దారి పొడుగునా నాకు ఒకే ప్రశ్న వినిపిస్తూ వచ్చింది. అది ఆయన నన్ను మొట్టమొదట అడిగిన ప్రశ్న.

"వెంటనే అంటే ఎన్ని నిమిషాలప్పా?"

మాకు చుట్టరికం లేదు. వీధిలో అందరూ ఆయనను మామ, ఆయన భార్యను అత్త అనేవాళ్ళు, నేనూ అలాగే అనేవాడిని. హోసూరులో ఒక ఫ్యాక్టరీలో ఇంజన్లు పరీక్షించే చోట ఫోర్‌మన్‌గా పనిచేశాడు. చొక్కా జేబులో స్టాప్‌వాచి ఉండేది. కుక్కరు మొదటి కూత ఎంతసేపటికి వేసిందో, ఫ్లైఓవరు కింద సిగ్నలు ఎన్ని సెకన్లు నిలబెట్టిందో అడక్కుండానే చెప్పేవాడు. దేన్నయినా కొలిస్తే గాని ఆయనకు అది జరిగినట్టు కాదు.

చాలా ఏళ్ళ కిందట ఒక ఆదివారం ఆయన, అత్త తమ్ముడు కలిసి కెలవరపల్లి డ్యాముకు పోయారు. చేపలు పట్టే అతను పిలిస్తే బావమరిది సరదాగా పుట్టి ఎక్కాడు. మామ తర్వాతి విడతలో వస్తానని గట్టున నిలబడ్డాడు. దూరం పోయాక పుట్టి తిరగబడింది. చేపలతనికి ఈత వచ్చు. బావమరిదికి రాదు. మామకూ రాదు. గట్టున ఉన్నది ఒకే ఒక తెడ్ల పడవ, తెడ్లు ఊళ్ళో ఎవరింట్లోనో ఉన్నాయి. జనం పరిగెత్తారు. మామ చేయి అలవాటు కొద్దీ జేబులోకి పోయి స్టాప్‌వాచి నొక్కింది. పడవ ఆ చోటికి చేరేసరికి పంతొమ్మిది నిమిషాలు అయింది.

ఆ వార్త మా పేపరుకు రాసింది నేనే. సాయంత్రం పోయాను. గట్టున గుమిగూడిన వాళ్ళలో ఒకరిని అడిగి, "వెంటనే పడవలో వెళ్ళి గాలించినా ఫలితం లేకపోయింది" అని రాశాను. మర్నాడు పొద్దున మామ పేపరు పట్టుకుని వీధి దాటి వచ్చి ఆ ప్రశ్న అడిగాడు. అప్పటిదాకా మేము పలకరించుకున్నది తక్కువ.

"ఆడ ఉన్నోళ్ళు చెప్పినారు మామా" అన్నాను.

"నేనూ ఆడనే ఉంటిని. అడిగింటే చెప్పింటా."

కోపం లేదు ఆ గొంతులో. పేపరు మడిచి అరుగు మీద పెట్టి వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి నేను 'వెంటనే' అన్న మాట రాయలేదు. ఎన్ని నిమిషాలో కనుక్కుని ఆ అంకె రాస్తున్నాను.

రిటైరైన ఏడాది ఆయన మోటారు పడవ కొంటానన్నాడు. వీధిలో నవ్వులు మొదలయ్యాయి. "మామా, కొళాయిలో కావేరి నీళ్ళు వారానికొకసారి వస్తా ఉండాయి. పడవ సంపులో వదులుతావా?" అని ఇస్త్రీ కొట్టు ఆయన అడిగాడు. "నీ ఇస్త్రీ పెట్టె చల్లారినాక చెప్తా" అని మామ జవాబు. అయిదేళ్ళు పడవల కాగితాలు చదివాడు. కొచ్చికి, మంగళూరుకు పోయి చూసొచ్చాడు. ఆయన అడిగినవి రెండే. నిలబడిన చోటు నుంచి పడవ కొన్ని సెకన్లలోనే నీటి మీదికి లేచి పరిగెత్తాలి. అందులోనే ఇంటిల్లిపాదీ భయం లేకుండా కూర్చోవాలి.

మనుషులను కాపాడడానికైతే వేగం ఒకటి చాలదా, సంసారమంతా ఎందుకని ఒకసారి అడిగాను.

"కాపాడే పడవ అని ఒకటి తెచ్చి షెడ్డులో పెడితే ఏమైతాది? అవసరం వచ్చిన దినం బ్యాటరీ చచ్చి ఉంటాది. ఆదివారం ఆదివారం ఇంటోళ్ళు తిరిగే పడవైతేనే ఇంజను బతికుంటాది. పిల్లోళ్ళు మారాం చేస్తేనే నేను పెట్రోలు పోస్తా."

ముప్పై ఏళ్ళుగా ఎన్నో పథకాల గురించి రాశాను. ప్రారంభోత్సవం తర్వాత తుప్పు పట్టిన వాహనాలను లెక్క లేనన్ని చూశాను. ఈ మాట నాకు ఏ అధికారీ చెప్పలేదు.

పడవను ఎంచుకోవడంలో ఆయన పద్ధతి ఒకటుంది. నచ్చిన ప్రతి పడవనూ అసలు కొలతతో మిద్దె మీద ముగ్గుపిండితో వేయించేవాడు. ఆయన టేపు పట్టుకుని అంకెలు చెబితే అత్త వంగి గీత లాగేది. ముక్కు దగ్గర వంపు ఆమె చేతికి ఒక్కసారికే వచ్చేది. తర్వాత ప్లాస్టిక్ స్టూళ్ళు వేసి కూతురినీ, అల్లుడినీ, మనవరాలినీ, నన్నూ ముగ్గు లోపల కూర్చోబెట్టేవాడు. తళి ఊరి వైపు నుంచి చల్లగాలి కొడుతుంటే, పిండి చెదరకుండా కాళ్ళు దగ్గరికి పెట్టుకుని, పడవలో ఉన్నట్టే కూర్చునేవాళ్ళం.

"అల్లుడు వెనకాల కూర్చుంటే ముక్కు పైకి లేస్తాది. ముందుకు రాప్పా."

"నన్ను ఇసుక మూట అనుకున్నారా మామా?"

"ఇసుక మూటైతే అడిగి అడిగి బజ్జీలు తినదు కదా."

వెడల్పు తక్కువగా, అడుగు లోతుగా వాలిన పడవ అల మీద కుదుపు లేకుండా పరిగెత్తుతుంది, ఆగినప్పుడు మాత్రం ఊగుతుంది. వెడల్పుగా, అడుగు చదునుగా ఉన్నది ఆగినా కదలదు గాని, వేగం అందుకుంటే నడుములు విరుగుతాయి. ఆయన తేల్చుకోలేకపోయింది ఇక్కడే. రెండు సీట్ల సన్న పడవ ముగ్గు చూసి అత్త అంది: "ఇది బుల్లెట్ బండి మాదిరి ఉండాది. సంసారం యాడ పెడతావు?" ఆయన ఆ పడవ కాగితం చించేశాడు.

"కాగితంలో రాసేది ఒక్కడు కూర్చుంటే వచ్చే వేగమప్పా. ఇంటిల్లిపాదీ ఎక్కినాక వచ్చేదే నిజం" అనేవాడు. విలేకరిగా నాకు దొరికిన మంచి పాఠాల్లో అదొకటి.

కాని ఇంటిల్లిపాదీ ఎప్పుడూ ఎక్కలేదు. ముగ్గు వేసిన అత్త ఆ గీత దాటి లోపలికి వచ్చేది కాదు. పిండి గిన్నె పట్టుకుని పిట్టగోడకు ఆనుకుని నిలబడేది. మామ ఒక స్టూలు ఆమెకని వేసి ఉంచేవాడు. రమ్మని అడిగేవాడు కాదు. మేము దిగి వెళ్ళిపోయాక కూడా ఆ స్టూలు అక్కడే ఉండేది.

మామ పోవడానికి రెండు నెలల ముందు ఒక పడవ దొరికింది. ఊత్తంగరై వైపు ఒకాయన రిసార్టు పెట్టాలని తెచ్చి, అది సాగక అమ్మజూపాడు. అడుగు ముందు లోతుగా వాలి, వెనక్కి వచ్చేసరికి చదునవుతుంది. ఆరు సీట్లు. ఆయన స్థలం పక్కనున్న చెరువులో నడిపి చూడవచ్చన్నాడు. కారు ఎక్కబోతుంటే అత్త చెప్పులు వేసుకుని గేటు దగ్గరికి వచ్చింది. "నేనూ వస్తా ఉండాను" అంది.

కెలవరపల్లిలో గట్టు నుంచి ఆ చోటికి నాలుగు వందల మీటర్లు. ఎప్పుడో కొలిచి పెట్టుకున్నాడు. ఆ చెరువులోనూ అంతే దూరంలో రాయి కట్టిన ఖాళీ క్యాను ఒకటి ముందే తేలేలా వేయించాడు. అత్త మధ్య సీట్లో కూర్చుని రెండు చేతులతో కమ్మీ పట్టుకుంది. కూతురు, అల్లుడు, మనవరాలు, నేను. మామ స్టాప్‌వాచి నా చేతికిచ్చి స్టీరింగు చక్రం పట్టుకున్నాడు.

పడవ ముక్కు లేచింది, దిగింది, తర్వాత నీళ్ళు తగులుతున్నట్టే లేదు. క్యాను పక్కకు రాగానే ఇంజను ఆపేశాడు. నేను అంకె చెప్పాను. నలభై సెకన్లు.

ఇంజను ఆగాక చెరువంతా నిశ్శబ్దంగా ఉంది. అత్త వెనక్కి తిరిగి గట్టు చూసింది. మేము నిలబడిన చోటు, అక్కడ వదిలిన కారు, దాని తెరిచి ఉన్న తలుపు కూడా కనబడుతున్నాయి.

"ఇంత దగ్గరనా?" అంది.

అయిదేళ్ళు మామ వేగాన్ని వెతికాడు. అది దొరికితే ఏం తెలుస్తుందో ఆ క్షణం వరకు ఆయనకూ తట్టలేదనుకుంటాను. చక్రం వదిలి లేచి అల్లుడికి చోటిచ్చాడు. తిరిగి వచ్చేటప్పుడు పడవను అల్లుడే నడిపాడు. ఇంటికొచ్చాక మామ పడవ కొంటాననీ అనలేదు, వద్దనీ అనలేదు. డ్యాములో పడవ పెట్టుకోవడానికి అనుమతి కోరే అర్జీ మాత్రం సంతకం చేసి పంపాడు. జవాబు రాకముందే పోయాడు.

పదకొండో రోజు భోజనాలయ్యాక కూతురు నన్ను పక్కకు పిలిచింది. ఊత్తంగరై ఆయన ఫోన్ చేశాడట, వద్దని చెప్పేద్దామా అని అడిగింది. లోపలి నుంచి అత్త అంది: "పంపించమని చెప్పు. అల్లుడు నడపనీ. కూర్చునేది నేను."

పడవ పోయిన వారం వచ్చింది. ట్రెయిలరు మలుపు తిరిగేటప్పుడు పడవకు తగలకుండా, వీధివాళ్ళు కేబుల్ తీగలు కర్రలతో ఎత్తి పట్టుకున్నారు. అనుమతి ఇంకా రాలేదు. ఈ ఆదివారం పొద్దున, ఇంజను బతికుండాలని, అల్లుడు ట్రెయిలరు మీది పడవ వెనకాల నీలం ప్లాస్టిక్ డ్రమ్ము పెట్టి, నిండా నీళ్ళు పట్టి, ఇంజను రెక్కలు అందులోకి దించి స్టార్ట్ చేశాడు. నీళ్ళు సుడి తిరిగి రోడ్డు మీదికి పొర్లాయి. ఇస్త్రీ కొట్టు ఆయన పెట్టె పక్కన పెట్టి నిలబడ్డాడు. నడిరోడ్డు మీద, మనుషుల తలలకన్నా ఎత్తున, అత్త మధ్య సీట్లో కూర్చుని ఉంది. కమ్మీ పట్టుకోలేదు. ముందున్న ఖాళీ చక్రం వైపు చూస్తోంది. ఇంజను అదురుకు ఆమె చీర అంచు సన్నగా వణుకుతోంది.